రోజుకు ఎన్ని గంటలు నిద్రపోవాలి? కల్లాల దగ్గర కునుకు, హైవేపై నైట్ డ్రైవింగ్.. దాచేపల్లిలో తప్పుతున్న లెక్క ఇదే!

దాచేపల్లి (పల్నాడు జిల్లా): ఫిబ్రవరి, మార్చి వచ్చిందంటే చాలు.. పల్నాడు పల్లెల్లో చాలామందికి రాత్రి నిద్ర ఉండదు. కల్లంలో ఎర్రగా ఆరబోసిన మిర్చి. పక్కనే మంచం. దానిమీద సగం కన్ను తెరిచి కునుకు తీసే రైతు. అర్ధరాత్రి మబ్బు పట్టినా, మంచు ఎక్కువగా కురిసినా లేచి పట్టాలు కప్పాలి. దొంగల భయం ఉండనే ఉంది. మరోవైపు అద్దంకి–నార్కట్‌పల్లి రహదారిపై తెల్లవార్లూ లారీల మోత. చుట్టుపక్కల సిమెంట్ ఫ్యాక్టరీల్లో నైట్ షిఫ్టులు. ఇళ్లలో ఆడవాళ్లు కోతలకు వెళ్లాలంటే తెల్లవారుజామునే లేచి వంట చేసి, క్యారేజీలు కట్టుకోవాలి.

"నాలుగైదు గంటలు పడుకుంటే చాల్లే, మాకు అలవాటే" అనే మాట ఇక్కడ ఎవరి నోటైనా వినిపిస్తుంది. మరి నిజంగా శరీరం అలవాటు పడుతుందా? పెద్దవాళ్లకు అసలు ఎన్ని గంటల నిద్ర కావాలి? తగ్గితే ఏమవుతుంది? వివరాలు తెలుసుకుందాం.

అసలు లెక్క ఎంత?

2015లో అమెరికన్ అకాడమీ ఆఫ్ స్లీప్ మెడిసిన్, స్లీప్ రీసెర్చ్ సొసైటీ కలిసి నిపుణుల కమిటీతో ఒక సిఫార్సు విడుదల చేశాయి. 18 నుంచి 60 ఏళ్ల మధ్య ఉన్నవాళ్లు రోజూ కనీసం 7 గంటలు నిద్రపోవాలన్నది దాని సారాంశం. అదే ఏడాది నేషనల్ స్లీప్ ఫౌండేషన్ వయసుల వారీగా లెక్క చెప్పింది. 18 నుంచి 64 ఏళ్ల వాళ్లకు 7 నుంచి 9 గంటలు, 65 దాటిన వాళ్లకు 7 నుంచి 8 గంటలు.

అంటే "ముసలాళ్లకు నిద్ర అక్కర్లేదు" అన్న మాట తప్పు. వయసు పెరిగే కొద్దీ నిద్ర పల్చబడుతుంది, మధ్యమధ్యలో మెలకువ వస్తుంది. అంతేకానీ శరీరానికి కావాల్సిన నిద్ర సగానికి సగం తగ్గిపోదు.

కొందరికి 7 గంటలు సరిపోతే, మరికొందరికి 9 గంటలు కావాలి. జ్వరం నుంచి కోలుకుంటున్నవాళ్లు, కొన్నాళ్లుగా నిద్ర చాలనివాళ్లు ఇంకాస్త ఎక్కువ పడుకున్నా తప్పులేదు. ఎవరికి ఎంత అన్నది తేల్చుకోవడానికి తేలిక గుర్తు ఒకటుంది. అలారం లేకుండా మెలకువ వచ్చి, పగలంతా కూర్చున్నచోట తూగకుండా ఉంటే ఆ మనిషికి నిద్ర సరిపోయినట్టే. బస్సెక్కగానే, టీవీ ముందు కూర్చోగానే కళ్లు మూతపడుతున్నాయంటే అప్పు మిగిలే ఉందని అర్థం.

మంచంమీద 8 గంటలు.. నిద్ర 5 గంటలు

ఇక్కడే చాలామంది పొరబడతారు. రాత్రి పదింటికి పడుకుని పొద్దున ఆరింటికి లేస్తే 8 గంటలు నిద్రపోయినట్టు కాదు. మన పక్కనే ఉన్న చెన్నైలో తక్కువ ఆదాయం ఉన్న 452 మందిపై ఆర్థికవేత్తలు పరిశోధన చేశారు. 2021లో ఆ వివరాలు బయటికొచ్చాయి. చేతికి కట్టిన పరికరాలతో కొలిస్తే తేలిందేంటంటే.. వాళ్లు మంచంమీద ఉన్నది దాదాపు 8 గంటలు. నిజంగా నిద్రపోయింది ఐదున్నర గంటలే! ఉక్కపోత, దోమలు, చప్పుడు, ఇరుకు గదులు, మనసులో దిగులు.. మిగతా సమయాన్ని ఇవే తినేశాయి.

దాచేపల్లి ఇళ్లకూ, కల్లాలకూ ఇదే లెక్క వర్తిస్తుంది. కల్లం దగ్గర మంచం వేసుకున్నంత మాత్రాన అది నిద్ర కిందకు రాదు. కుక్క మొరిగినా లేచే కునుకుకీ, ఇంట్లో ఒళ్లు మరిచిపోయే నిద్రకీ చాలా తేడా ఉంటుంది.

నిద్రలో శరీరం ఏం చేస్తుంది?

నిద్ర అంటే శరీరం ఆగిపోవడం కాదు. అది దశలవారీగా నడిచే పని. దాదాపు 90 నిమిషాలకు ఒక చక్రం చొప్పున రాత్రికి నాలుగైదు చక్రాలు తిరుగుతాయి. మొదట తేలిక నిద్ర, ఆ తర్వాత గాఢ నిద్ర, చివర్లో కలలొచ్చే నిద్ర. కనుగుడ్లు వేగంగా కదిలే ఈ చివరి దశను 1953లో అమెరికాలో యూజీన్ అసెరిన్‌స్కీ, నథానియెల్ క్లైట్‌మన్ ప్రపంచానికి తెలియజేశారు.

రాత్రి మొదటి సగంలో గాఢ నిద్ర ఎక్కువ. ఒంటిని బాగుచేసే గ్రోత్ హార్మోన్ ఆ సమయంలోనే బాగా విడుదలవుతుంది. గుండె వేగం, బీపీ తగ్గి రక్తనాళాలకు విశ్రాంతి దొరుకుతుంది. రెండో సగంలో, అంటే తెల్లవారుజామున, కలల నిద్ర ఎక్కువ. నేర్చుకున్నవి గుర్తుండటానికి, మనసు కుదుటపడటానికి ఈ దశ పనికొస్తుందని శాస్త్రవేత్తలు చెబుతారు.

ఇప్పుడు లెక్క చూడండి. ఏడు గంటలు పడుకోవాల్సిన మనిషి మూడింటికే లేస్తే పోయేది రెండు గంటలే అనిపిస్తుంది. కానీ ఆ రెండు గంటల్లో కలల నిద్రలో పెద్ద భాగం పోతుంది. తెల్లవారుజామునే లేచే వాళ్లకు చిరాకు, మతిమరుపు ఎక్కువ కావడానికి ఇదొక కారణం.

దాచేపల్లిలో నిద్ర ఎక్కడ పోతోంది?

మిర్చి కోతలు సాధారణంగా జనవరి నుంచి ఏప్రిల్ దాకా సాగుతాయి. కోసిన కాయ కల్లంలో రోజుల తరబడి ఆరాలి. తడి తగిలితే రంగు పోతుంది, బూజు పడుతుంది, తాలు కాయ కింద ధర కోస్తారు. ఏడాది కష్టం నేలమీద పరిచి ఉంటే రైతుకు నిద్ర ఎలా పడుతుంది? ఆరిన తర్వాత టిక్కీలు నింపి గుంటూరు మిర్చి యార్డుకు తోలడం, అక్కడ లారీ దగ్గర కాపలా, ధర ఎలా పలుకుతుందోనన్న బెంగ. ఇదంతా రాత్రి ఖాతాలోనే పడుతుంది.

కూలీలది మరో కథ. పత్తి తీత అయినా, మిరప కోత అయినా ఎండ ముదరకముందే చేలో ఉండాలి. 2023 మే 17న తెల్లవారుజామున దాచేపల్లి మండలం పొందుగుల దగ్గర ఆటోను లారీ ఢీకొన్న ఘటన ఈ ప్రాంతం మరిచిపోలేదు. నల్గొండ జిల్లా నుంచి కృష్ణా దాటి మిర్చి పనులకు వస్తున్న మహిళా కూలీలు ప్రాణాలు కోల్పోయారు. ప్రమాదానికి కారణాలు అనేకం ఉంటాయి. కానీ కూలికి వెళ్లే ఆడవాళ్ల రోజు ఎంత చీకట్లో మొదలవుతుందో ఆ ఘటన చూపించింది. లోకం లేవకముందే వాళ్లు ఇంటి పని ముగించుకుని రోడ్డెక్కుతున్నారు. రాత్రి అందరికీ వడ్డించి, గిన్నెలు తోమాకే వాళ్లకు మంచం. ఇంట్లో అందరికంటే తక్కువ నిద్రపోయేది ఎవరంటే ఎక్కువ ఇళ్లలో సమాధానం ఒకటే.

ఇక ఎండలు. పక్కనే ఉన్న రెంటచింతల పేరు వేసవిలో వార్తల్లో లేని ఏడాది ఉండదు. నిద్ర పట్టాలంటే ఒంటి వేడి కాస్త తగ్గాలి. రాత్రి పూట కూడా స్లాబు నుంచి సెగ కొడుతుంటే ఆ పని జరగదు. 68 దేశాల్లో చేతి బ్యాండ్లతో సేకరించిన వివరాలపై 2022లో వచ్చిన అధ్యయనం.. వేడి రాత్రుల వంటి వాతావరణ ఇబ్బందుల వల్ల మనిషి ఏడాదికి సగటున 44 గంటల నిద్ర కోల్పోతున్నాడని అంచనా వేసింది.

వీటన్నిటికీ తోడు చేతిలో ఫోన్. పదింటికి "ఒక్క వీడియో" అని మొదలుపెడితే పన్నెండు దాటుతోంది. కల్లం కాపలాకు తోడుగా తీసుకెళ్లిన ఫోనే ఉన్న కాస్త నిద్రనూ తినేస్తోంది.

'అలవాటైపోయింది' అనుకుంటే పొరపాటే

2003లో అమెరికాలో 48 మంది ఆరోగ్యవంతులపై ఒక ప్రయోగం జరిగింది. కొందరిని రోజుకు 8 గంటలు, కొందరిని 6, మరికొందరిని 4 గంటలు మాత్రమే పడుకోనిచ్చారు. ఇలా 14 రోజులు. రెండు వారాలు ముగిసేసరికి 6 గంటలు, 4 గంటలు పడుకున్న వాళ్ల చురుకుదనం ఒకటి రెండు రాత్రులు అసలు నిద్రపోని వాళ్ల స్థాయికి పడిపోయింది. అసలు విషయం ఏంటంటే.. వాళ్లకు ఆ సంగతి పెద్దగా తెలియనే లేదు! కొద్ది రోజుల తర్వాత "బాగానే ఉన్నాం" అన్నట్టే వాళ్లు చెప్పారు. పరీక్షలో మాత్రం తప్పులు రోజురోజుకీ పెరిగాయి.

అంటే శరీరం అలవాటు పడలేదు. అలసటను గుర్తుపట్టే తెలివే మొద్దుబారింది.

17 గంటలు మేలుకుంటే.. మందు తాగి నడిపినట్టే!

హైవే మీద బతికే ఊరు కాబట్టి ఇది అందరూ తెలుసుకోవాలి. 17 గంటలు ఏకధాటిగా మేలుకున్న మనిషి పనితీరు, రక్తంలో 100 మిల్లీలీటర్లకు 50 మిల్లీగ్రాముల ఆల్కహాల్ ఉన్న మనిషి పనితీరుతో సమానంగా పడిపోతుందని 1997లో 'నేచర్' పత్రికలో వచ్చిన పరిశోధన చెప్పింది. మన దేశంలో మోటారు వాహనాల చట్టం ప్రకారం డ్రైవర్‌కు ఉన్న పరిమితి 30 మిల్లీగ్రాములే.

పొద్దున 5 గంటలకు లేచిన మనిషికి రాత్రి పదింటికే 17 గంటలు నిండుతాయి. ఆ టైమ్‌లో మిర్చి లోడుతో లారీ ఎక్కినా, పెళ్లి నుంచి కారులో బయల్దేరినా చుక్క తాగకుండానే తాగినవాడితో సమానం. బ్రీత్ ఎనలైజర్‌కు నిద్రమత్తు చిక్కదు. అదే ఇంకా ప్రమాదం.

నిద్ర ఆపుకుంటున్న మెదడు మనిషికి చెప్పకుండానే కొన్ని సెకన్ల పాటు నిద్రలోకి జారుకుంటుంది. కళ్లు తెరిచి ఉన్నా ఇది జరగొచ్చు. గంటకు 80 కిలోమీటర్ల వేగంతో వెళ్తున్న బండి 4 సెకన్లలో దాదాపు 90 మీటర్లు దాటిపోతుంది. రాత్రి 2 నుంచి 5 గంటల మధ్య శరీర గడియారం నిద్రవైపు బాగా లాగుతుంది. కిటికీ తెరవడం, పాటలు పెట్టడం, మొహం కడుక్కోవడం కాసేపే పనిచేస్తాయి. ఆవలింతలు ఆగకపోయినా, దాటొచ్చిన ఊరు గుర్తులేకపోయినా బండి సురక్షితమైన చోట పక్కకు ఆపి 20 నిమిషాలు కళ్లు మూసుకోవడమే మందు.

చేలో కూడా ఇదే వరస. పురుగుమందు కలిపేటప్పుడు, కరెంటు మోటారు దగ్గర, ట్రాక్టర్ మీద.. రెప్పపాటు ఏమరుపాటే ప్రాణం మీదకు తెస్తుంది.

షుగర్, బీపీకి కూడా లింకు

1999లో 'లాన్సెట్' వైద్య పత్రికలో వచ్చిన పరిశోధనలో 11 మంది ఆరోగ్యవంతులైన యువకులను వరసగా ఆరు రాత్రులు 4 గంటలే పడుకోనిచ్చారు. వారం తిరగకుండానే వాళ్ల ఒంట్లో చక్కెరను అదుపు చేసే శక్తి తగ్గింది. నిద్ర చాలకపోతే ఆకలి పెంచే హార్మోన్లు కూడా గాడి తప్పుతాయి. అందుకే రాత్రి మేలుకున్నవాళ్లకు మిక్చర్, బజ్జీలు, తీపి టీ మీదకు మనసు పోతుంది.

రాత్రి తగ్గాల్సిన బీపీ తగ్గకపోతే గుండెపై భారం పడుతుంది. 2022లో అమెరికన్ హార్ట్ అసోసియేషన్ గుండె ఆరోగ్యానికి ముఖ్యమైన అంశాల జాబితాలో నిద్రను కూడా చేర్చింది. తిండి, వ్యాయామం, పొగాకు మానడం, బరువు, కొలెస్ట్రాల్, షుగర్, బీపీ సరసన ఎనిమిదోది నిద్ర. అంటే బీపీ మాత్ర వేసుకుంటూ రోజూ నాలుగు గంటలే పడుకునే మనిషి సగం వైద్యమే చేయించుకుంటున్నట్టు.

రోగనిరోధక శక్తి సంగతీ అంతే. 2009లో 153 మందిపై జరిగిన అధ్యయనంలో ముక్కులో జలుబు వైరస్ వేసి చూశారు. 7 గంటల కంటే తక్కువ పడుకునే వాళ్లకు, 8 గంటలు పడుకునే వాళ్లకంటే జలుబు వచ్చే అవకాశం దాదాపు మూడు రెట్లు ఎక్కువగా కనిపించింది.

పగలు పడుకుంటే సరిపోదా?

కొంతవరకు సరిపోతుంది. చెన్నై పరిశోధనలోనే ఇంకో ఆసక్తికరమైన విషయం ఉంది. కళ్లకు గంతలు, చెవుల్లో పెట్టుకునేవి, సలహాలు ఇచ్చి వాళ్ల రాత్రి నిద్రను దాదాపు అరగంట పెంచారు. అయినా పనిలో పెద్ద మార్పు రాలేదు. పదేపదే మెలకువ వచ్చే అతుకుల నిద్ర కావడమే కారణం కావొచ్చని పరిశోధకులు భావించారు. కానీ మధ్యాహ్నం పనిచేసే చోటే ప్రశాంతంగా అరగంట కునుకు తీసిన వాళ్లలో పని చురుగ్గా సాగింది, మనసు తేలికపడింది.

మధ్యాహ్నం అన్నం తిన్నాక వేపచెట్టు కింద తువ్వాలు పరుచుకుని నడుం వాల్చే మన పెద్దల పద్ధతిలో మర్మం ఇదే. అయితే 20, 30 నిమిషాలు దాటకూడదు. ఎక్కువైతే గాఢ నిద్రలోకి వెళ్లి లేచాక మగతగా ఉంటుంది, రాత్రి నిద్ర కూడా ఆలస్యమవుతుంది.

కానీ రాత్రి నిద్రను పూర్తిగా పగటికి మార్చడం తేలిక కాదు. మన ఒంట్లో ప్రతి కణంలోనూ ఒక గడియారం ఉంటుంది. అది ఎలా తిరుగుతుందో కనిపెట్టినందుకే 2017లో జెఫ్రీ హాల్, మైఖేల్ రాస్‌బాష్, మైఖేల్ యంగ్‌లకు నోబెల్ బహుమతి వచ్చింది. ఆ గడియారానికి తాళం వేసేది వెలుతురు. అందుకే నైట్ షిఫ్ట్ దిగి ఎండలో ఇంటికొచ్చిన కార్మికుడికి ఒళ్లు అలిసినా నిద్ర పట్టదు. ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన విభాగం 2007లో, మళ్లీ 2019లో రాత్రి షిఫ్టు పనిని 'క్యాన్సర్‌కు బహుశా కారణం కాగల' అంశాల జాబితాలో ఉంచింది. భయపడి పని మానేయమని కాదు. జాగ్రత్త పడమని.

నైట్ డ్యూటీ చేసేవాళ్లు ఇంటికి వెళ్లేటప్పుడు నల్ల కళ్లద్దాలు పెట్టుకోవడం, గదికి ముదురు రంగు కర్టెన్లు కట్టడం, ఫోన్ సైలెంట్‌లో పెట్టడం, రోజూ ఒకే టైమ్‌కు పడుకోవడం మేలు. డ్యూటీకి వెళ్లే ముందు ఒక కునుకు తీస్తే ఇంకా మంచిది. ఇంట్లోవాళ్లు కూడా ఆ నాలుగైదు గంటలు టీవీ సౌండ్ తగ్గించాలి. పగలు పడుకునే మనిషిని సోమరి అనడం మానాలి.

ఏం చేయొచ్చు?

కల్లం కాపలా తప్పదు. కానీ ఒక్కరే ప్రతి రాత్రీ మేలుకోవాల్సిన పనిలేదు. పక్క పక్క కల్లాల వాళ్లు వంతులేసుకుంటే ఒక్కొక్కరికి రెండు మూడు రోజులకోసారైనా ఇంట్లో పూర్తి నిద్ర దొరుకుతుంది. కాపలా రాత్రి గడిచిన మర్నాడు పురుగుమందు కొట్టడం, బండి తోలడం పెట్టుకోకూడదు.

సాయంత్రం తర్వాత టీ తగ్గించాలి. టీ, కాఫీల్లోని కెఫీన్ సగం కరగడానికే దాదాపు 5 గంటలు పడుతుంది. ఆరింటికి తాగిన టీ పదకొండింటికి కూడా సగం ఒంట్లోనే ఉంటుంది. "ఒక పెగ్గేస్తే నిద్ర పడుతుంది" అన్నదీ భ్రమే. త్వరగా కళ్లు మూతపడతాయి కానీ అర్ధరాత్రి తర్వాత నిద్ర ముక్కలవుతుంది, గురక పెరుగుతుంది.

పొద్దున కాసేపు ఎండ తగలాలి. రోజూ ఒకే టైమ్‌కు లేవాలి. పడుకునే ముందు స్నానం చేయడం, ఆరుబయట లేదా డాబా మీద దోమతెర కట్టుకుని పడుకోవడం వేసవిలో బాగా పనికొస్తాయి. ఫోన్‌ను చేతికి అందనంత దూరంలో పెట్టాలి. ఇంటి పనిని అందరూ పంచుకుంటే ఆ ఇంటి ఆడవాళ్లకు ఒక గంట నిద్ర కలుస్తుంది. దీనికి పైసా ఖర్చు లేదు.

చప్పుడు విషయంలో చట్టం కూడా ఉంది. 2000 నాటి శబ్ద కాలుష్య నియమాల ప్రకారం రాత్రి 10 నుంచి ఉదయం 6 వరకు ఆరుబయట మైకులు పెట్టకూడదు. ప్రభుత్వం ప్రత్యేకంగా సడలింపు ఇచ్చిన కొద్ది రోజులకే మినహాయింపు. 2012 ఫిబ్రవరిలో రామ్‌లీలా మైదానం కేసులో సుప్రీంకోర్టు ప్రశాంతంగా నిద్రపోవడం మనిషి జీవించే హక్కులో భాగమని చెప్పింది.

డాక్టర్ దగ్గరికి ఎప్పుడు వెళ్లాలి?

పెద్దగా గురక పెడుతూ మధ్యలో ఊపిరి ఆగినట్టై ఉలిక్కిపడి లేస్తుంటే, ఎంత పడుకున్నా పగలు తూగుతుంటే అది స్లీప్ ఆప్నియా కావొచ్చు. లారీ, బస్సు డ్రైవర్లు దీన్ని అస్సలు నిర్లక్ష్యం చేయకూడదు. వారానికి మూడు రాత్రులకు పైగా, మూడు నెలలుగా నిద్ర పట్టకపోయినా చూపించుకోవాలి. మెడికల్ షాపులో అడిగి నిద్ర మాత్రలు కొనుక్కోవడం ప్రమాదం. దీర్ఘకాలిక నిద్రలేమికి ముందు ఇవ్వాల్సింది మాత్ర కాదనీ, అలవాట్లను, ఆలోచనలను సరిచేసే చికిత్స అనీ 2016లో అమెరికన్ కాలేజ్ ఆఫ్ ఫిజీషియన్స్ సూచించింది.

అప్పులు, ధర పడిపోవడం, పంట నష్టం తలుచుకుంటూ రాత్రంతా కళ్లు మూయలేకపోతున్న రైతు విషయంలో ఇంట్లోవాళ్లు మరింత అప్రమత్తంగా ఉండాలి. వరసగా నిద్ర లేకపోవడం మానసిక కుంగుబాటుకు తొలి గుర్తు కావొచ్చు. అలాంటప్పుడు కేంద్ర ప్రభుత్వ టెలీ మానస్ హెల్ప్‌లైన్ 14416కు ఏ సమయంలోనైనా ఉచితంగా ఫోన్ చేయొచ్చు. తెలుగులోనే మాట్లాడొచ్చు.

మిర్చి ధర రైతు చేతిలో లేదు. వాన రైతు చేతిలో లేదు. ఆ రెండింటినీ తట్టుకుని మళ్లీ ఏడాది సాగు చేయాల్సిన ఒళ్లు మాత్రం అతనిదే. ఎరువు, నీళ్లు పైరుకు ఎంత అవసరమో, ఆ ఒంటికి రోజుకు 7 గంటల నిద్ర అంత అవసరం.

గమనిక: ఈ కథనం అవగాహన కోసం మాత్రమే. ఆరోగ్య సమస్యలు ఉన్నవాళ్లు డాక్టర్‌ను సంప్రదించి సలహా తీసుకోవాలి.